పాత బండికి చౌక చాంబర్: కొనేవారి హక్కు, అమ్మేవారి బాధ్యత

బందరు గిలకలదిండి రేవు నుండి చేపలు మోసుకుపోయే పికప్ బండ్ల వెనుక రోడ్డుపై ఒక నీటి చారిక సాగుతూ ఉంటుంది. అది ఉప్పూ నీచూ కలిసిన ఐసు నీరు. ముందు బండి కార్చిన నీటిని వెనుక బండి చక్రాలు తన అడుగుభాగానికే చిమ్ముకుంటాయి. నాగాయలంక, కోడూరు వైపు తిరిగే బండ్లకు సముద్రపు ఉప్పుగాలి అదనం. గుడివాడ పరిసరాల్లో చెరువులకు మేత చేరవేసే బండ్లకు ఉప్పు బెడద తక్కువే గాని, గట్ల మీది గతుకులూ రాళ్లూ వాటి అడుగును మోదుతుంటాయి. ఇలా ఏళ్ల తరబడి తిరిగిన బండిలో ఇంజిన్ కింద ఉండే ఆయిల్ చాంబర్ తుప్పుపట్టి, లేదా సొట్టపడి కారడం మొదలవుతుంది.

గేర్లు వాటంతటవే మారే పికప్‌లు అమెరికాలో ఎక్కువ. అక్కడ గేర్‌బాక్సు కిందనున్న రేకు పళ్ళెం కూడా ఇలాగే పాడవుతుంది. మన ప్రాంతపు పాత మహీంద్రా, టాటా పికప్‌లు చేత్తో గేర్లు వేసేవి. వాటి గేర్‌బాక్సుకు సాధారణంగా గట్టి పోతలోహపు డొప్పే ఉంటుంది. కనుక మన కష్టమంతా ఇంజిన్ చాంబర్‌తోనే.

వస్తువు చిన్నదే. కాని ఆయిల్ కారిపోయిన సంగతి గమనించక బండి నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. ఆ ఖర్చు ముందు చాంబర్ ధర లెక్కలోకి రాదు. కిరాయి డబ్బుతో గడిచే ఇంట్లో బండి వారం రోజులు షెడ్డులో నిలిస్తే పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఒక్కసారిగా మీద పడతాయి. వడ్డీవ్యాపారి గడప తొక్కే పరిస్థితి వచ్చేది సరిగ్గా అప్పుడే. అందువల్లనే దీనిని మేము కేవలం మెకానిక్‌లకు సంబంధించిన విషయంగా చూడటం లేదు.

అన్నిటికన్నా చౌకైన మార్గం ఉన్నదానినే బాగుచేయించడం. పగులు ఒకచోటనే ఉండి, చుట్టూ రేకు గట్టిగా ఉంటే చాంబర్‌ను ఊడదీసి, ఆయిల్ జిడ్డు పూర్తిగా కడిగి, వెల్డింగ్ చేయించవచ్చు. సుత్తితో మెల్లగా తడితే రేకు లోపలికి పోతున్నదంటే మాత్రం వెల్డింగ్‌కు పెట్టే డబ్బు వృథా. అల్యూమినియం చాంబరైతే ఆర్గాన్ వెల్డింగ్ చేసేవారి వద్దకే తీసుకువెళ్లాలి.

కొత్తది కొనదలిస్తే బండి పేరు మాత్రమే చెప్పడం చాలదు. ఒకే పేరుతో వచ్చిన బండ్లలో కాలక్రమేణా ఇంజిన్లు మారాయి. ఛాసిస్ నంబరు, తయారైన సంవత్సరం చెప్పాలి. వీలైతే పాత చాంబర్‌నే వెంట తీసుకువెళ్లి బోల్టు రంధ్రాలు, లోతు సరిపోల్చుకోవాలి. బందరులో, గుడివాడలో దొరకనప్పుడు విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లడం మన వారికి అలవాటే. తుక్కు బండ్ల నుండి తీసిన వాడిన చాంబర్లు అక్కడ కొత్తవాటికన్నా తక్కువ ధరకు లభిస్తాయి.

వాడిన వస్తువు వద్దనే అసలు పరీక్ష. అతుకువేసిన చోట నల్లరంగు పూస్తే కంటికి కొత్తదానిలాగే కనబడుతుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు రాశిలో చేయిపెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని యజమాని చెప్పాడు. జనం చూసేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు మనకు తెలిసినదే. నల్లరంగు కింది అతుకు ఆ రాశిలోని తడి వంటిదేనని మా అభిప్రాయం. అతుకువేసిన వస్తువును అమ్మడం తప్పు కాదు, అతుకును దాచడం తప్పు. దాచిన లోపం తరువాత బయటపడితే వస్తువును తిరిగి ఇచ్చే హక్కు కొనుగోలుదారునికి ఉందని ఇస్లామీ ధర్మశాస్త్రవేత్తలు చెప్పారు. దీనిని ఖియారె ఐబ్ అంటారు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడపై బోర్డు తగిలించినంత మాత్రాన లోపాన్ని దాచిన దుకాణదారుడు తప్పించుకోలేడు.

అయినా కొనేవారు తమ జాగ్రత్తలో ఉండాలి. దుకాణదారుని అనుమతితో చాంబర్‌ను సమతలంగా ఉంచి కిరోసిన్ పోయండి. బయట అతుకుల వెంట సుద్దముక్కతో రుద్ది కొంతసేపు ఆగితే, సన్నని పగులున్నా సుద్దపై తడి మచ్చ తేలుతుంది. అంచును అద్దంపై బోర్లించి చూస్తే వంకర తెలుస్తుంది. ఆయిల్ దింపే బోల్టు మరలు అరిగాయేమో చేత్తో తిప్పి చూడాలి. అడుగున లోతైన సొట్ట ఉంటే ధర ఎంత తక్కువైనా వద్దనండి. ఆయిల్ పీల్చే జాలీకి, అడుగుకు నడుమ ఉండవలసిన సందు మూసుకుపోతే చాంబర్ నిండుగా ఉన్నా ఇంజిన్‌కు ఆయిల్ అందదు. వస్తువు ఎక్కడిదో చెప్పలేని వారి వద్ద, బిల్లు ఇవ్వని వారి వద్ద కొనకపోవడమే క్షేమం. తెలిసి తెలిసీ దొంగసొత్తు కొంటే, ఆ బండిపై వచ్చే కిరాయి హలాలా అన్న ప్రశ్నకు మనమే జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

బిగించేటప్పుడు పాత ప్యాకింగ్‌ను పూర్తిగా గీకివేసి కొత్తది వేయించండి. బోల్టులను ఒకవైపు నుండి కాక ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. కారకూడదని బలంగా బిగిస్తే రేకు అంచు వంగి అక్కడే కారుతుంది. గేజీ చూసి ఆయిల్ పోశాక కాసేపు ఇంజిన్ నడిపి, ఆ రాత్రి బండి కింద ఒక పాత వార్తాపత్రిక పరిచి ఉంచండి. ఫజ్ర్ నమాజు తరువాత దానిపై చుక్క కనబడకపోతే లోడుకు వెళ్లవచ్చు.