ఉప్పు పద్దు

మన ఇళ్ళలో కొత్త అలవాట్లు ఉగాదికి మొదలై శ్రీరామనవమికి ముగుస్తుంటాయి. తెల్లవారుజామున నడక, కాఫీలో పంచదార మానడం, రాత్రికి పుల్కాలు... అన్నిటినీ వ్రతంలా పట్టడమే చిక్కు. వ్రతమన్నాక ఉద్యాపన ఉంటుంది కదా!

నాకు యాభై మూడో ఏట రక్తపోటు ఉన్నట్టు తేలింది. డాక్టరుగారు మందు రాసి, ఉప్పు తగ్గించి ఊరగాయ మానమన్నారు. బరంపురంలో తెలుగింటికి అది చిన్నమాట కాదు. ఈ ఊరే అప్పడాలకూ, పచ్చళ్ళకూ పెట్టింది పేరు. పైగా బడిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే మాకు ఇంట్లో మిగిలిన తెలుగుతనంలో అమ్మ కలిపే ఆవకాయ ఒకటి. నా ఒక్కడికి విడిగా వండితే నెల తిరక్కుండా అందరికీ విసుగొస్తుంది. అందుకని మార్పు ఇంటిల్లిపాదికీ అనుకున్నాం.

పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలూ 5 గ్రాములు మించవద్దనే చెబుతున్నాయి. కూర, చారు, పచ్చడి, బజారు మిక్చరు అన్నీ కలిపి ఒక చిన్న చెంచాడన్నమాట. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్టు కనీసం 50 రోజులు రావాలి.

ప్యాకెట్టు విప్పిన తేదీ దానిమీదే రాశాం. మొదటిది 28 రోజులకే అయిపోయింది. ఊరగాయల్లోని ఉప్పు దానికి అదనం!

డబ్బాలో పెద్ద చెంచా తీసేసి చిన్నది వేసింది మా శ్రీమతి. పుల్కాల పిండిలో ఉప్పు మానేశాం. మజ్జిగలో అల్లం, కరివేపాకు, నిమ్మరసం వచ్చాయి. అప్పడం ఆదివారానికి పరిమితమైంది. అప్పడాల పిండిలో కలిపే క్షారంలోనూ సోడియం ఉంటుంది మరి. ఆవకాయ సంగతి అమ్మే తేల్చింది: "జాడీలో ఉప్పు తగ్గిస్తే బూజు పడుతుందిరా. నీ కంచంలో ముక్క తగ్గించుకో." పగటి భోజనంలో ఒక్క చిన్న ముక్క ఖాయమైంది.

మొదటి రెండు వారాలూ అన్నీ చప్పగానే ఉన్నాయి. నాలుక అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ తరువాత హోటలు సాంబారే ఉప్పు కషాయమనిపించింది. ఇప్పుడు ప్యాకెట్టు రెండు నెలలు వస్తోంది.

రెండు జాగ్రత్తలు. మందు నేను మానలేదు. డాక్టరు చెప్పకుండా ఎవరూ మానకూడదు. తక్కువ సోడియం ఉప్పుల్లో సాధారణంగా పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బున్నవారు, రక్తపోటు మందులు వాడేవారు అడిగి తెలుసుకోనిదే వాటిని వాడరాదు.

మీ ఇంట్లోనూ ఈసారి ప్యాకెట్టు మీద తేదీ రాసి చూడండి. పోయిన వేసవి ఆవకాయ మా జాడీలో ఈ ఏడు కొత్త కాయలొచ్చేదాకా ఉంది. అమ్మ ఈసారి సగమే కలిపింది.