చింతపండులో ఒకే వాటం ఆమ్లం

చింతపండులోని పులుపు టార్టారిక్ ఆమ్లానిదని బడి పిల్లలకూ తెలుసు. ఆ ఆమ్లానికి ఒక వాటం ఉందన్నది మాత్రం అంతగా వినపడని సంగతి.

నాలుగు కార్బన్, ఆరు హైడ్రోజన్, ఆరు ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఈ అణువైంది. అవే పరమాణువులు, అవే బంధాలతో దీన్ని రెండు వాటాలుగా కట్టవచ్చు. ఒకటి రెండోదానికి అద్దంలోని ప్రతిబింబం. అరచేతులు రెండూ పైకి తిప్పి ఒకదాని మీద ఒకటి పెడితే బొటనవేళ్లు చెరో దిక్కుకు పోతాయి కదా, ఇవీ అలాగే ఒకదానిలో ఒకటి ఇమడవు. ఈ గుణమే కైరాలిటీ. చింతచెట్టు తయారుచేసేది ఒక్క వాటమే. ఒకే తలంలో కంపించే కాంతిని దాని ద్రావణంలోంచి పంపితే ఆ తలం కుడివైపు తిరుగుతుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వానపడే అనంతపురం నేలలో చింత లోతుగా వేరుదన్ని నిలబడుతుంది. పాత అనంతపురం జిల్లాలోని హిందూపురం మార్కెట్ యార్డులో కరిపులి, ఫ్లవర్ అంటూ రకాలు విడదీసి పండుకు ధర కడతారు. చాలా పండ్లలో పక్వానికి వచ్చేకొద్దీ పులుపు తగ్గుతుంది. చింతలో చక్కెర పెరుగుతుందే గాని టార్టారిక్ ఆమ్లం దాదాపు అలాగే ఉండిపోతుంది. గుజ్జు బరువులో నూటికి 8 నుంచి 18 పాళ్లు అదే.

ఇత్తడి బిందెకు చింతపండు రుద్దితే మెరిసేది దీనివల్లే. ఆమ్లం రాగి చిలుమును కరిగిస్తే, ఆమ్లం నుంచి వచ్చే టార్ట్రేట్ అయాన్ ఆ రాగిని పట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది. చక్కెరను పరీక్షించే ఫెహ్లింగ్ ద్రావణంలో రాగి అడుగున పేరుకోకుండా కాపాడేదీ ఇదే టార్ట్రేట్.

దీని అసలు విలువ మందుల తయారీలో, రెండు వాటాలను విడదీయడంలో ఉంది. 1848లో పాశ్చర్ టార్ట్రేట్ లవణపు స్ఫటికాలను వాటాన్నిబట్టి చేత్తో ఏరి రెండు కుప్పలు చేశాడు. పరిశ్రమలో అలా ఏరడం కుదరదు. రెండు వాటాలూ కలిసిన క్షారానికి ఒకే వాటం ఆమ్లాన్ని కలిపితే రెండు వేర్వేరు లవణాలు పుడతాయి. ఇవి ఇక పరస్పర ప్రతిబింబాలు కావు, కరిగే గుణంలోనూ తేడా వస్తుంది. తక్కువ కరిగేది ముందుగా స్ఫటికమై వేరుపడుతుంది. క్షయకు వాడే ఎథాంబుటాల్‌కు కావలసిన అమినోబ్యుటనాల్‌ను ఇలాగే, ఈ ఆమ్లంతోనే విడదీస్తారు. ఎదురు వాటం ఎథాంబుటాల్ క్షయక్రిమి మీద దాదాపు పనిచేయదు.

మన డిగ్రీ కళాశాలల్లో ఈ ఆమ్లాన్ని సీసాలో కొనే బదులు ఒక్కసారైనా విద్యార్థుల చేత చింతపండు నుంచే తీయించాలని నా గట్టి కోరిక. వడకట్టిన రసానికి సున్నం కలిపితే కాల్షియం టార్ట్రేట్ అడుక్కు దిగుతుంది. దాన్ని కడిగి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే కాల్షియం జిప్సంగా విడిపోయి టార్టారిక్ ఆమ్లం నీళ్లలో మిగులుతుంది. 1769లో రసాయనవేత్త షీలే పట్టిన దారీ ఇదే. ఆ నీళ్లను వడకట్టి ఇగరబెడితే వచ్చే స్ఫటికాలు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగాలి. 20 శాతం ద్రావణాన్ని, కాంతి తలం తిరుగుడును కొలిచే పోలారిమీటర్‌లో పెట్టి లెక్కగడితే విశిష్ట భ్రమణం కుడివైపుకు సుమారు 12 డిగ్రీలు రావాలి. అంత రాకపోతే చింతపండు జిగురో చక్కెరో ఇంకా అంటుకుని ఉన్నట్టు. మళ్లీ వేడినీళ్లలో కరిగించి స్ఫటికాలు కట్టించాలి.