ఆదిమ సంఘం పెరిగిన తీరు: ఒక ప్రసంగానికి సిద్ధపడటం గురించి

వాడల్లోని చర్చిల్లో ఆదిమ సంఘం ఎట్లా పెరిగిందన్న అంశం మీద ఏడాదికొక ప్రసంగమైనా ఉంటుంది. పెంతెకొస్తు ఆదివారంనాడో, సంఘ వార్షికోత్సవానికో. యూనివర్సిటీల్లో చదివే మాలాంటి వాళ్లం సెలవులకు ఊరెళితే, "ఈ వారం వాక్యం మీరే చెప్పాలి" అని అయ్యగారు పట్టుబడతారు. ఇంట్లో మొదట చదువుకున్నవాళ్లం గనక కాదనలేం. అట్లా ఒప్పుకున్న ప్రతిసారీ మేము చేసిన పని ఒకటే, అంకెలు ఏరుకోవడం. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో మూడు వేలమంది. నాలుగో అధ్యాయంలో అయిదు వేలమంది (అదీ మగవాళ్ల లెక్కే, ఆడవాళ్లను లెక్కించలేదు). ఆ తర్వాత మన దగ్గర 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2,222 మంది. సంఘం ఆమేన్ అంటుంది, ప్రసంగం అయిపోతుంది. అంకెల మధ్య ఉన్న తగాదా మాత్రం ఎవరి చెవినా పడదు.

ఆ తగాదా ఆరో అధ్యాయంలో ఉంది. మొదటి వచనం శిష్యుల సంఖ్య పెరుగుతున్నదని చెబుతుంది. ఏడో వచనం సంఖ్య మరీ పెరిగిందని చెబుతుంది. ఈ రెంటి మధ్యనున్నది అన్నం గొడవ. రోజూ జరిగే పంపకంలో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతున్నదని గ్రీకు మాట్లాడే యూదులు, హెబ్రీయుల మీద సణిగారు. తెలుగు బైబిలు వాడిన మాట అదే, సణగడం. మన చెవికి ఆ మాట ఎట్లా వినబడుతుందో చూడండి. జీతగాడు సణుగుతాడు, కోడలు సణుగుతుంది. ఆసామి ఏనాడూ సణగడు, కేక వేస్తాడు. మూలంలోని గ్రీకు మాట కూడా ఇట్లాంటిదే. ఐగుప్తు నుంచి బయటపడ్డ బానిసలు ఎడారిలో తిండి కోసం సణిగారని చెప్పడానికి పాత నిబంధన గ్రీకు అనువాదం వాడింది దీన్నే.

సణిగినవాళ్లను నోరు మూసుకోమనలేదు. శిష్యులందరినీ పిలిచి, మీలోనుంచి ఏడుగురిని మీరే ఎంచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. యూదులు కొందరు గ్రీకు పేర్లు పెట్టుకోవడం ఉన్నదే గాని, ఏడుగురికీ అవే కావడం చూస్తే అన్యాయం జరిగిందన్నవాళ్ల చేతికే పంపకం వెళ్లిందని అనుకోవడానికి ఆధారం దొరుకుతుంది. ఇంకో సంగతి. వాక్యం మాని బల్లల దగ్గర వడ్డించడం మాకు తగదని పన్నెండుమందీ అన్నారు. కాని వడ్డనకు పెట్టిన స్తెఫను సభ ఎదుట నిలబడి మాట్లాడి రాళ్లదెబ్బలకు చచ్చాడు. ఫిలిప్పు సమరయకు పోయి బోధించాడు. వాక్యం ఒకళ్లకు, వడ్డన ఒకళ్లకు అన్న ఏర్పాటు రెండు అధ్యాయాలు కూడా నిలవలేదు. ప్రసంగానికి సిద్ధపడేవాళ్లు ఇక్కడ ఎక్కువసేపు ఆగాలని మా అభిప్రాయం.

అంకెల సంగతి కొంచెం చూద్దాం. రోడ్నీ స్టార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త 1996లో వచ్చిన పుస్తకంలో ఒక లెక్క వేశాడు. క్రీ.శ. 40లో వెయ్యిమంది ఉన్నారనుకుని, పదేళ్లకు 40 శాతం చొప్పున పెరిగారనుకుంటే 100 నాటికి సుమారు 7,500 మంది, 300 నాటికి అరవై లక్షలు. ఇది ఊహా లెక్కే. కాని వేలమంది ఒక్కరోజున కదిలిరాకపోయినా, ఇంటి నుంచి ఇంటికి పాకుతూ పోతే చాలునని తేలుతుంది. పాకిందెవరి ఇళ్లలో? క్రీ.శ. 112 ప్రాంతంలో రోమన్ అధికారి ప్లినీ ఈ మతం సంగతి ఆరా తీయడానికి ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టాడు. సంఘంలో వాళ్లను పరిచారకులని పిలిచేవాళ్లట. రెండో శతాబ్దంలో కెల్సస్ అనే పండితుడు, ఈ మతాన్ని ఇళ్లలో చెప్పేది ఉన్ని పనివాళ్లూ చెప్పులు కుట్టేవాళ్లూ చాకలివాళ్లూ అని వెక్కిరించాడు. వెక్కిరింపు కాబట్టి సగం తీసేసినా, ఆ వృత్తుల పేర్లు విన్న మనవాళ్లకు ప్రత్యేకంగా విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒంగోలు కథ ఇక్కడ చెప్పాలి, అయితే 2,222తో మొదలుపెట్టి కాదు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ. అంతకుముందే వ్యాపారం మీద వెళ్లి ఏలూరులో ఈ బోధ విన్నాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని పైకులాలవాళ్లు అంటే, గొప్పవాళ్లు పిలవబడలేదన్న మొదటి కొరింథీ మాట చూపి క్లౌదొర మాదిగల పక్షం నిలిచాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని కూలి ఇప్పించాడు. గంజి కోసం కలిశారని ఈనాటికీ అనేవాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గుండ్లకమ్మలో బాప్తిస్మాలిచ్చింది దొర కాదు, మన బోధకులు.

కాని ఆ పెరుగుదల కులం దారినే నడిచింది. ఒంగోలు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు లూథరన్లలో ఎక్కువమంది మాలలు. భారతదేశంలోనే పుట్టి, ఇక్కడే మిషనరీగా పనిచేసిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ దీన్నే సిద్ధాంతం చేశాడు. జాతి, భాష, వర్గం గీతలు దాటనక్కర్లేకుండా క్రైస్తవులు కావడం మనుషులకు ఇష్టమన్నాడు. సంఖ్య పెరగడానికి అది పనికొచ్చే మాటే. ఆరో అధ్యాయంతో పెట్టి చూస్తే మాత్రం పొసగదు. అక్కడ గీతకు రెండువైపులా ఉన్నవాళ్లను రెండు సంఘాలుగా విడగొట్టి ఉంటే సణుగుడు ఒక్కరోజులో ఆగేది. అట్లా చెయ్యలేదు. మాలపల్లె గుడి, మాదిగపల్లె గుడి పక్కపక్కనే వేరుగా ఉన్న ఊళ్లో ఈ ప్రసంగం చెప్పాలంటే మాకూ గొంతు తడారుతుంది.

చివరగా అంతియొకయ సంగతి కూడా చదువుకోవాలి, గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. పేతురు అన్యజనులతో కూర్చుని తినేవాడు. యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. అతన్ని చూసి బర్నబా కూడా. పౌలు ముఖం మీదే నిలదీశాడు. యూదుల ఆహార నియమాలూ మన అంటరానితనమూ ఒకటి కావు. రెంటినీ కలిపేసి యూదుల్ని తిట్టడం ప్రసంగాల్లో పాత జబ్బు, అది మనకొద్దు. ఇక్కడ చూడాల్సింది పేతురు భయాన్ని. నిన్నటిదాకా కలిసి తిన్నవాడు, తనవాళ్లు చూస్తున్నారని లేచిపోయాడు. ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నె ముట్టుకుని, బయట పెళ్లి భోజనాల దగ్గర విడివిడిగా కూర్చునే మనకు ఈ భయం తెలిసిందే. పేతురు మళ్లీ ఆ పంక్తికి వచ్చాడో లేదో పౌలు రాయలేదు.