లాంగ్ టర్మ్ ఎంత దూరమైనా సరే, ఇంటర్ మాత్రం ఇక్కడే

భద్రాచలం నుంచి విజయవాడ సుమారు 200 కిలోమీటర్లు. హైదరాబాద్ 300కు పైనే. చర్ల పిల్లలకైతే భద్రాచలం చేరడానికే మరో 60. వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో సీటు తప్పిన బైపీసీ విద్యార్థులు ఏటా వర్షాకాలం మొదట్లో లాంగ్ టర్మ్ కోసం పెట్టె సర్దుకుని ఇంత దూరం వెళ్తున్నారు. ఇంటర్ తర్వాత నీట్ మళ్లీ రాయడానికి సుమారు పది నెలలు తీసుకునే శిక్షణే ఈ లాంగ్ టర్మ్. ఇల్లు కదిలే ముందు కుటుంబమంతా కూర్చుని చూడాల్సిన లెక్కలివి.

20 ప్రశ్నలు, 100 మార్కులు

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సగం, అంటే 360 మార్కులు జీవశాస్త్రానివే. సరైన జవాబుకు 4 వస్తాయి, తప్పుకు 1 పోతుంది. కాబట్టి నిరుడు తప్పు రాసిన ప్రశ్నను ఈసారి సరిగ్గా రాస్తే లాభం 5 మార్కులు. అలాంటివి 20 దిద్దుకుంటే 100. లాంగ్ టర్మ్ ప్రయోజనమంతా ఈ దిద్దుబాటులోనే ఉంది. పాత పేపరులో పోయిన మార్కులు ఎక్కువగా ఏ సబ్జెక్టువో చూసుకోకుండా ఫీజు కట్టకండి. గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. తెలుగులోనూ పరీక్ష రాయవచ్చు.

నాలుగేళ్ల నిబంధన

తెలంగాణలో కన్వీనర్ కోటా సీటుకు స్థానికత కీలకం. 2024 జులైలో వచ్చిన నిబంధన ప్రకారం 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. కొన్ని వర్గాలకు మినహాయింపులున్నా, సాధారణ కుటుంబానికి వర్తించే లెక్క ఇదే.

మన సరిహద్దుకు ఇది మరీ ముఖ్యం. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్తుంటే నడుమ ఆంధ్ర గ్రామాలు వస్తాయి. విజయవాడ దగ్గర కదా అని పిల్లను ఇంటర్‌కే అక్కడ చేర్పిస్తే, భద్రాచలంలో సొంతిల్లు ఉన్నా స్థానికత చేజారవచ్చు. ఇంటర్ ఇక్కడ పూర్తిచేసి లాంగ్ టర్మ్‌కు విజయవాడ వెళ్తే ఆ ఇబ్బంది లేదు. నాలుగేళ్ల లెక్క ఇంటర్‌తోనే ముగుస్తుంది.

సీటు వస్తే చదువు ఎక్కడ?

2022లో కొత్తగూడెంలో 150 సీట్లతో, 2023లో ఖమ్మంలో 100 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రెండూ కలిపి 250. ఇందులో 15 శాతం అఖిల భారత కోటాకు పోతే రాష్ట్రానికి మిగిలేవి 212 దాకా. ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఆ లెక్కన ఈ రెండు కళాశాలల్లోనే సుమారు 21 సీట్లు. అయితే ఇవి జిల్లా సీట్లు కావు, పోటీ రాష్ట్రమంతటితోనూ.

ప్రభుత్వ కళాశాలలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు, ప్రైవేటు కన్వీనర్ సీటుకు 60 వేలు. యాజమాన్య కోటాలో అది లక్షల్లో ఉంటుంది. దూరం పంపే ఖర్చును ఈ తేడాతో పోల్చి చూడండి.

బస్సెక్కే ముందు

సంక్షేమ గురుకులాల ఉచిత శిక్షణ ఉందేమో భద్రాచలం ఐటీడీఏలో ముందుగా అడగండి. ప్రైవేటు సంస్థయితే మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. జ్వరమొస్తే హాస్టల్లో చూసేదెవరో, ఇంటికి ఫోను ఎప్పుడు చేయనిస్తారో తెలుసుకోండి. 9వ తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం ఇప్పుడే భద్రం చేయండి.

అన్నిటికన్నా ముందు పిల్లను అడగండి. ఇంకో ఏడాది చదవాలన్న కోరిక తనదైతేనే పంపండి. భద్రాచలానికి కొత్తగూడెం కళాశాల 40 కిలోమీటర్లే. కానీ అక్కడికి చేర్చే దారి కొందరికి విజయవాడ మీదుగానో హైదరాబాద్ మీదుగానో వెళ్తుంది. ఆ ఏడాదంతా వారానికోసారైనా అమ్మానాన్నల గొంతు పిల్ల చెవిన పడనివ్వండి.