గాజు ధరలో గంటల లెక్క

బంగారం కొనేటప్పుడు తరుగెంత, మజూరీ ఎంత అని గుచ్చి గుచ్చి అడుగుతాం. లక్క గాజుల దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు మాటలూ ఎవరి నోటా రావు. జత ఎంత, ఎంతకు తగ్గిస్తారు, అంతే. కొనేవాళ్లు అడగకపోయినా ఫరవాలేదు. చేసేవాళ్లు కూడా ఆ లెక్క వేసుకోకపోతే మాత్రం మునిగేది వాళ్లే.

హైదరాబాద్‌లో చార్మినార్ నుంచి లాడ్ బజార్ గుండా పడమరగా నడిచి, మహబూబ్ చౌక్ దాటితే హుస్సేనీ ఆలం వస్తుంది. ఇలాంటి పాతబస్తీ వాడల్లో ఈ గాజుల పని ఎక్కువగా ఇళ్లలోనూ, చిన్న చిన్న కార్ఖానాల్లోనూ సాగుతుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. దానివల్ల పేరుకు రక్షణ వచ్చింది. గిట్టుబాటు ధర సంగతి మాత్రం ఎవరికి వాళ్లు లెక్క కట్టుకోవాల్సిందే.

లక్కను వేడిచేసి, పొడీ రంగూ కలిపి, కడ్డీలా సాగదీసి, కొలతకు వంచి అంచులు అతికిస్తారు. ఆ తర్వాత మళ్లీ వెచ్చజేసి, మెత్తగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటిగా ఒత్తుతారు. ఖర్చంతా ఈ చివరి మెట్టు దగ్గరే పోగుపడుతుంది.

గాజుల సైజులే తీసుకోండి. రెండు-నాలుగు అంటే లోపలి వ్యాసం 2.25 అంగుళాలు. రెండు-ఎనిమిది అంటే 2.5 అంగుళాలు. తేడా పావు అంగుళమేగా అనిపిస్తుంది. కానీ వ్యాసం పావు అంగుళం పెరిగితే చుట్టుకొలత దాదాపు 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల రాళ్లను ఆనించి పేరిస్తే వరుసకు 10 రాళ్లు అదనం. నాలుగు వరుసల గాజుకు 40, జతకు 80. వంద జతల ఆర్డరంటే 8,000 రాళ్లు! రాళ్ల ఖరీదు పక్కన పెట్టండి. ఒక రాయి ఒత్తడానికి 3 సెకన్లే అనుకున్నా మొత్తం 6 గంటల 40 నిమిషాలు అవుతుంది. ఇంచుమించు ఒక మనిషి రోజంతా కూర్చుని చేసే పని. రెండు సైజులకూ ఒకే రేటు ఒప్పుకుంటే ఆ రోజు కూలీ చేసినవాళ్ల కడుపు కొట్టి కట్టినట్టే.

పెద్ద ఫ్యాక్టరీల ఇంజినీర్లు చేసే అంచనా కూడా ఇంతకన్నా వేరు కాదు. పనిని ముక్కలు చేసి, ముక్కముక్కకూ సరుకెంత, సమయమెంత అని కొలుస్తారు. అద్దె, ఇంధనం, కరెంటు బిల్లు దానిమీద పంచుతారు. ఆపైన తరుగు వేస్తారు.

తరుగు దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. వంద గాజులు చేస్తే పది పాడయ్యాయనుకోండి. ఖర్చు పది శాతం పెరిగిందని సరిపెట్టుకుంటాం. కానీ వంద గాజుల ఖర్చును మిగిలిన తొంభై గాజులే మోయాలి. అంటే పెరిగింది 11 శాతం పైచిలుకు. పైగా గాజు ఎక్కడ విరిగిందన్నది ఇంకా ముఖ్యం. రాళ్లు ఒత్తకముందు విరిగితే లక్కను మళ్లీ కరిగించుకోవచ్చు. ఒత్తాక విరిగితే గంటల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. కాబట్టి అతుకును రాళ్ల పని మొదలుపెట్టకముందే పరీక్షించాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

లక్కకు మరో గుణం ఉంది. ఎక్కువసేపు వేడిలో ఉంచితే దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. ఇక ఎంత కాచినా కరగని ముద్దగా మారుతుంది. అందుకే పొద్దున్నే ఒకేసారి పెద్ద ముద్ద వేడెక్కించి సాయంత్రం దాకా వాడటం కన్నా, కొంచెం కొంచెంగా కాచుకోవడం మేలు. బొగ్గూ మిగులుతుంది, లక్కా మిగులుతుంది.

ఇక వేగం మాట. కడ్డీ సాగదీసే వేగాన్ని రెట్టింపు చేసే యంత్రం తెచ్చినా, రాళ్లు ఒత్తేవాళ్లు అంతే మంది ఉంటే వాళ్ల ముందు గాజులు గుట్టపడతాయి తప్ప ఆర్డరు ఒక్క రోజు కూడా ముందు పూర్తికాదు. ఇరుకుగా ఉన్న చోటే, అంటే రాళ్లు ఒత్తే దగ్గరే, వెడల్పు చేయాలి. అమెరికాలో పని కదలికలను అధ్యయనం చేసిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుకలు పేర్చే తాపీ పనిని ఒక్కో కదలికగా గమనించాడు. మేస్త్రీ ప్రతి ఇటుకకూ నడుం వంచకుండా, ఇటుకలూ సున్నమూ చేతి ఎత్తులో ఉండేలా ఏర్పాటు చేశాడు. 18 కదలికల పని 5కు తగ్గిందనీ, గంటకు 120 ఇటుకలు పేర్చేవాళ్లు 350 దాకా పేర్చారనీ పని పద్ధతుల నిపుణుడు ఫ్రెడరిక్ టేలర్ 1911 నాటి తన పుస్తకంలో రాశాడు. రాళ్లు ఒత్తే మనిషికి కూడా మంచి వెలుతురు, రంగుల వారీగా వేరుచేసిన రాళ్లు, నడుముకు ఆసరా ముందు ఇవ్వాలి. ఆ తర్వాతే త్వరగా కానివ్వమని చెప్పాలి.

కూలీ కోసి ధర తగ్గించడాన్ని సామర్థ్యం అనడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. 2015 జనవరిలో పాతబస్తీ కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు, గాజుల పనిలో పెట్టినవాళ్లు. అలా చవకైన గాజుకు అసలు ఖరీదు ఆ పసివాళ్లు కట్టారు.

ఆర్డర్లు పట్టేవాళ్లకు నా విన్నపం ఒకటే. కొత్త డిజైనుకు రేటు చెప్పేముందు ప్రతి సైజులోనూ ఒక జత చేయించి, గడియారం చూసి, ఏ మెట్టుకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఇంట్లో ఆడవాళ్లు వంట పనుల మధ్య రాళ్లు ఒత్తిన గంటలకు కూడా బయటివాళ్లకిచ్చే కూలీయే కట్టండి. తరుగు, ఇంధనం, అద్దె కలిపాక వచ్చిన మొత్తం కన్నా కిందికి ఎంత బతిమాలినా దిగకండి.