చక్రాల మీద కాపురం

తిరునాళ్ళకు పోతే ఒకటి రెండు రాత్రులు బండి కిందో, ట్రాక్టరు తొట్టిలోనో పడుకుంటాం. మూడో రోజుకు ఇల్లు ఎప్పుడు చేరతామా అనిపిస్తుంది. అమెరికాలో కొన్ని కుటుంబాలు పిల్లాజెల్లాతో ఏడాది పొడుగునా బండిలోనే కాపురం ఉంటాయి. ఈ నెల ఒక ఊరు, వచ్చే నెల ఇంకో ఊరు. ఊరు మారుతుంది గాని ఇల్లు మారదు. ఆ ఇంటికి చక్రాలుంటాయి.

ఆ ఇంటిని ట్రెయిలర్ అంటారు. దానికి ఇంజను ఉండదు. ట్రాక్టరు వెనక తొట్టి తగిలించినట్టు, ఒక పెద్ద బండి వెనక దాన్ని తగిలించి లాక్కుపోతారు. బండి కదులుతున్నప్పుడు ట్రెయిలర్‌లో మనుషులు కూర్చోవడానికి చాలా రాష్ట్రాల్లో ఒప్పుకోరు. పిల్లలు ముందు బండిలో బెల్టు కట్టుకుని కూర్చోవాలి.

ట్రెయిలర్ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులకు మించదు. రోడ్డు మీద అంతకన్నా వెడల్పు బండి నడపాలంటే వేరే అనుమతి కావాలి. పొడుగు ఇరవై అడుగుల నుంచి నలభై అడుగుల దాకా ఉంటుంది. అంతలోనే పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి. పిల్లలకు రైలు బెర్తుల్లాగా ఒకదాని మీద ఒకటి పడకలు. అన్నం తినే బల్లే రాత్రికి మంచం అవుతుంది. చోటు లేదు గనక ఒక కొత్త గౌను లోపలికి వస్తే ఒక పాత గౌను బయటికి పోవాల్సిందే.

మరి నీళ్ళు ఎక్కడివి? బండి అడుగున మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళది. చాలా బళ్ళలో అది 150 నుంచి 250 లీటర్లు పడుతుంది. అంటే పది, పదిహేను బిందెలు. రెండో ట్యాంకులోకి స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు పోతాయి. మూడో దానిలోకి మరుగుదొడ్డి నీళ్ళు పోతాయి. కుళాయి గొట్టం తగిలించుకునే చోటు దొరక్కపోతే నలుగురు మనుషులు ఆ పదిహేను బిందెలతోనే నెట్టుకురావాలి. అందుకని ఒళ్ళు తడుపుకుని కుళాయి కట్టేస్తారు. సబ్బు రుద్దుకుని మళ్ళీ తిప్పుతారు. అమెరికాలో నీళ్ళకేం కరువు అనుకుంటాం గాని, చక్రాల ఇంట్లో ఇల్లాలు చెంబు లెక్కన నీళ్ళు కొలుస్తుంది.

ట్యాంకులు నిండితే ఎక్కడ పడితే అక్కడ వదలకూడదు. దానికోసం కట్టిన గుంటలుంటాయి. లావు గొట్టం తగిలించి ముందు మరుగుదొడ్డి ట్యాంకు వదులుతారు. తర్వాత స్నానాల ట్యాంకు వదులుతారు. ఆ నీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. ఈ పని ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా ఎవరో ఒకరు చేతికి తొడుగు వేసుకుని చెయ్యాల్సిందే.

వంట గ్యాసు మీద చేస్తారు. చలికాలం గది వెచ్చదనానికి కూడా గ్యాసే. చిన్న గది, మూసిన కిటికీలు, నిద్రపోతున్న పిల్లలు. అందుకని గ్యాసు లీకయితే మోగే గంట ఒకటి పెడతారు. దాన్ని నేలకు దగ్గరగా బిగిస్తారు. ఎందుకంటే ఈ గ్యాసు గాలికన్నా బరువు. పైకి లేవదు, నేల మీద పేరుకుంటుంది. మన ఇంట్లో సిలిండరు గ్యాసు కూడా అంతే. వాసన వస్తే స్విచ్చి వెయ్యకూడదు, అగ్గిపుల్ల గియ్యకూడదు. ముందు తలుపులు తెరవాలి.

బండి ఆపుకోవడానికి అద్దె చోట్లు ఉన్నాయి. అక్కడ కరెంటు, నీళ్ళు ఇస్తారు. అద్దె కట్టలేనివాళ్ళు సర్కారు బంజరు భూముల్లో ఆపుకుంటారు. చాలా చోట్ల 14 రోజులకు మించి ఉండనివ్వరు. చలికాలంలో ఉత్తరాన ఉంటే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోతాయి. అందుకని పక్షుల్లాగా దక్షిణానికి దిగిపోతారు. అరిజోనా రాష్ట్రంలో క్వార్ట్‌జైట్ అనే చిన్న ఊరుంది. చలికాలం వస్తే ఆ ఊరి చుట్టూ ఎడారి అంతా బళ్ళతో నిండిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న పిల్లల చదువు. రోజుకో ఊరయితే ఏ బడికి పంపాలి? అమెరికాలో ఇంటి దగ్గరే చదువు చెప్పుకోవచ్చు. 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ దీన్ని చట్టం ఒప్పుకుంది. కాని రూలు అన్నిచోట్లా ఒకటి కాదు. టెక్సస్‌లో సర్కారుకు చెప్పక్కర్లేదు. ఫ్లోరిడాలో 30 రోజుల్లోగా జిల్లా విద్యాధికారికి రాసి ఇవ్వాలి. ఏటా బిడ్డ ఎంత నేర్చాడో చూపించాలి. బండిలో ఉండేవాళ్ళు కూడా ఏదో ఒక రాష్ట్రంలో చిరునామా పెట్టుకోవాలి. లైసెన్సుకు, పన్నుకు, ఉత్తరాలకు అదే ఆధారం. చదువుకూ ఆ రాష్ట్రం రూలే.

చాలా ఇళ్ళలో చదువు చెప్పేది తల్లే. వంట చేసే బల్ల మీదే లెక్కలు, రాతలు. దేశంలోని పెద్ద అడవుల్లో, లోయల్లో పిల్లలకు సర్కారువాళ్ళు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. చెట్లను, రాళ్ళను, జంతువులను చూసి అందులో రాయాలి. రాసి చూపిస్తే బిళ్ళ ఇస్తారు. ఈ చదువు బడిలో దొరకదు, నిజమే. కాని నిన్న కలిసిన స్నేహితురాలు రేపు ఉండదు. ఆ లోటు తల్లి ఒక్కతే పూడ్చలేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఇష్టపడి బండి ఎక్కినవాళ్ళ సంగతి. 2020లో కరోనా వచ్చాక కంప్యూటరుతో ఎక్కడి నుంచయినా ఉద్యోగం చేసేవాళ్ళు ఇలా ఎక్కువగా బయల్దేరారు. ఇంకోరకం వాళ్ళు కూడా ఉన్నారు. ఇంటి అద్దె కట్టలేక, వేరే దారి లేక బండిలో చేరినవాళ్ళు. బయటికి రెండు బళ్ళూ ఒకేలా కనిపిస్తాయి. లోపలి బాధ వేరు. అలాంటి పిల్లల కోసం అక్కడ 1987లో ఒక చట్టం తెచ్చారు. ఇల్లు లేని పిల్లలు వస్తే కాగితాలు లేకపోయినా బడివాళ్ళు వెంటనే చేర్చుకోవాలి. కాగితాలు తర్వాత తెప్పించుకోవచ్చు.

చెరకు నరకడానికో, ఇటుక బట్టీలకో పిల్లలను వెంటబెట్టుకుని పోయే తల్లులు మన జిల్లాల్లో ఎంతమంది లేరు! వాళ్ళకు చక్రాల ఇల్లు కూడా లేదు. కాని చట్టం మన దగ్గరా ఉంది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఇది వర్తిస్తుంది. ఒక బడి నుంచి ఇంకో బడికి మారినప్పుడు టి.సి. ఆలస్యమయిందని సర్కారు బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదు. బడికి దూరమయిన బిడ్డను కూడా వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. వెనకబడిన పాఠాలకు వేరే శిక్షణ ఇవ్వాలి.

హెడ్మాస్టరు కాదంటే ఒక కాగితం మీద బిడ్డ పేరు, వయసు, ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ తేదీన చేర్చుకోమని అడిగారో రాసి ఇవ్వవచ్చు. కింద తల్లి సంతకం చాలు. అలాంటిదే ఇంకో కాగితం రాసి దగ్గర ఉంచుకుంటే, రేపు మండల విద్యాధికారికి చూపించడానికి పనికొస్తుంది.