విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రాలు: భాష, కులం, సాంస్కృతిక అవగాహన

విశాఖపట్టణంలో పోటీపరీక్షకు సిద్ధమవుతూ మరణించిన ఒక విద్యార్థిని ఉదంతంపై 2025 జులైలో తీర్పు వెలువరిస్తూ, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు నిర్దేశించింది. అణగారిన వర్గాల విద్యార్థులతో వివక్షకు తావులేకుండా మెలగడంలో సిబ్బందికి శిక్షణనివ్వాలని కూడా పేర్కొంది. అయితే ఆ కౌన్సెలర్ ఏ భాషలో వినగలగాలి, ఏ సామాజికానుభవాన్ని గుర్తించగలగాలి అనే ప్రశ్న నియామకంతోనే తీరదు.

బహుళ సాంస్కృతిక కౌన్సెలింగ్ అనే భావన అమెరికాలో రూపుదిద్దుకొంది. 1982లో డెరాల్డ్ వింగ్ సూ, ఆయన సహచరులు దానికి మూడు అంగాలను ప్రతిపాదించారు: కౌన్సెలర్‌కు తన విశ్వాసాలపై ఎరుక, ఎదుటివారి జీవనంపై జ్ఞానం, తదనుగుణమైన నైపుణ్యం. ఆ చర్చకు కేంద్రం జాతి. దానిని యథాతథంగా స్వీకరిస్తే భారతీయ సందర్భంలో ముఖ్యమైన కులం జారిపోతుంది.

ముందుగా భాషను పరిశీలించాలి. ‘డిప్రెషన్’కు పత్రికలు ‘కుంగుబాటు’ అనే మాటను వ్యాప్తిలోకి తెచ్చాయి. కానీ హాస్టల్‌కు కొత్తగా వచ్చిన విద్యార్థి ఆ మాట వాడడం అరుదు. దిగులుగా ఉందంటాడు, గుండె దడగా ఉందంటాడు, అన్నం సయించడం లేదంటాడు. ‘బెంగ’ అనే మాటనే తీసుకుంటే, అందులో ఎడబాటు, భయం, శరీరం చిక్కిపోవడం కలగలిసి ఉంటాయి. బెంగతో జ్వరం వచ్చిందనడం తెలుగిళ్ళలో సహజోక్తి. శరీరాన్నీ మనసునూ విడదీసే ప్రశ్నావళిలో ఈ మాటకు గడి దొరకదు. చైనాలోని హునాన్‌లో ఆర్థర్ క్లైన్‌మన్ జరిపిన పరిశోధన కూడా మనోవేదన శరీర బాధల రూపంలో వ్యక్తం కావడాన్ని వివరించింది. గోండి, కోయ మాతృభాషలుగా గల విద్యార్థులకు తెలుగు కూడా రెండవ భాషే. అలాంటప్పుడు సహపాఠిని దుబాసీగా కూర్చోబెడితే గోప్యతకు భంగం కలుగుతుంది.

కులం విషయం మరింత సున్నితమైనది. ‘ఇంటిపేరేమిటి?’, ‘ర్యాంకెంత?’ అనే ప్రశ్నలు పైకి కుశలప్రశ్నల్లాగే ఉంటాయి. కానీ మొదటిది కులాన్నీ, రెండవది రిజర్వేషన్‌నూ ఆరా తీసేవిగా వినిపించవచ్చు. ఒకరిని ‘మీరు’ అని, మరొకరిని ‘నువ్వు’ అని సంబోధించడమూ అంతే. తరగతిలో అవమానం పొందిన విద్యార్థికి శ్వాసాభ్యాసం నేర్పి పంపితే, అన్యాయం కాస్తా వ్యక్తిగత దౌర్బల్యంగా మారిపోతుంది. అక్కడ అవసరమైనది, విద్యార్థి సమ్మతితో, ఫిర్యాదు యంత్రాంగానికి దారి చూపడం. దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. దళిత విద్యార్థి ప్రేమవైఫల్యంతో వచ్చినా కులసమస్యనే వెదకడం ఆ విద్యార్థిని ఒక వర్గానికి నమూనాగా కుదించడమే.

చట్టపరమైన ఆధారానికి లోటు లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులం, మతం, సంస్కృతి, లైంగికత, వైకల్యం వంటి కారణాలతో వివక్షను నిషేధించింది. రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం అందాలని కూడా చెప్పింది. 14416 నంబరుతో 2022లో ప్రారంభమైన టెలి మానస్ పలు భారతీయ భాషలలో పనిచేస్తోంది. ప్రాంగణ కేంద్రం కూడా నమోదు పత్రంలో కోరుకునే భాషకు ఒక గడి కేటాయించవచ్చు. ఇంటిపేరు గడిని ఐచ్ఛికం చేయవచ్చు. 2013లో వెలువడిన డీఎస్ఎమ్-5లోని సాంస్కృతిక సంభాషణా పత్రంలో 16 ప్రశ్నలున్నాయి. బాధితులు తమ సమస్యను కుటుంబానికీ స్నేహితులకూ ఎలా వివరిస్తారో తెలుసుకోవడం వాటిలో ఒకటి. తెలుగులో ఆ ప్రశ్న ‘ఈ బాధను ఇంట్లోవాళ్ళకు ఏమని చెప్తారు?’ అని మొదలుకావచ్చు. వచ్చిన జవాబును విద్యార్థి మాటల్లోనే రాసుకోవాలి; ‘బెంగ’ అంటే బెంగ అనే.